వాయిదాల మీద విహారం

"వయసులో ఉన్నప్పుడే తిరగాలి, డబ్బు నెలనెలా కట్టుకోవచ్చు." కొత్తగా పెళ్లయిన జంటలకు ట్రావెల్ ఏజెంటు నుంచి ఆఫీసు స్నేహితుల దాకా అందరూ చెబుతున్న మాట ఇది. మొదటి సగంతో నాకు పేచీ లేదు. మోకాళ్లు మొరాయించకముందే ఆల్ప్స్ చూసి రావడం మంచిదే. రెండో సగం మాత్రం తప్పు, ప్రమాదం కూడా.

ఇద్దరికి స్విట్జర్లాండ్, పారిస్ ప్యాకేజీ నాలుగు లక్షలు అనుకుందాం. 14 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు దాదాపు 19,200 రూపాయలు. రెండు జీతాల పక్కన ఆ అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. చివరికి కట్టేది మాత్రం 4,60,000 పైమాటే. అదే రెండేళ్లు ముందుగా దాచుకుంటే, బ్యాంకు ఇచ్చే వడ్డీ కలపకుండానే, నెలకు 16,700 చాలు. అప్పు తీర్చగల జంట ఆ డబ్బు దాచుకోనూ గలదు. అంతకాలం ఆగలేమంటే ఏడాదిలో పోగైన దానికి సరిపడే చోటికి వెళ్లవచ్చు.

"మాది నో కాస్ట్ ఈఎంఐ" అంటారు కొందరు. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. వడ్డీకి సరిపడా మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు మన జేబులోంచే పోతాయి. ఒకేసారి కడితే ఆ తగ్గింపు మాకే ఇస్తారా అని అడిగేవాళ్లు ఎంతమంది?

వడ్డీ కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. నెల కంతు చూసి ప్రయాణం ఖాయం చేసుకున్న జంట, మొత్తం ఎంతవుతుందో కూర్చుని మాట్లాడుకోవడమే మానేస్తుంది. ప్యాకేజీలో లేని భోజనాలు, సిటీ రైళ్లు, షాపింగ్ అన్నీ క్రెడిట్ కార్డు మీద పడతాయి. చాలా కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ వసూలు చేస్తాయి. లక్ష ఖర్చుపెడితే 4,130 రూపాయలు అదనం. ఈ యాత్రకు కావాల్సిన షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి తలకు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా తిరస్కరిస్తే ఆ ఫీజు వెనక్కి రాదు. టికెట్లు, హోటళ్ల డబ్బులో ఎంత తిరిగొస్తుందన్నది రద్దు షరతుల దయ. లోన్ కంతు మాత్రం ఆగదు. కంటితో చూడని ఐఫెల్ టవర్ కోసం రెండేళ్లు కంతులు కట్టాల్సిన అవకాశం ఉందని ఆ జంటకు ముందే ఎవరైనా చెప్పారా?

అప్పు చేసి పప్పుకూడు తినొద్దన్న పాత నీతి కాదు నేను చెప్పేది. ఇల్లు కొనడానికి, చదువుకు అప్పు చేస్తాం. ఇల్లు నిలుస్తుంది, చదువు జీతం తెస్తుంది. సెలవు పది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా, కాన్పు ఖర్చు వచ్చినా ఆ 19,200 ముందు కూర్చుని ఉంటుంది.

పైగా పిల్లలు లేని జంటకు మే నెలే ఎందుకు? బడి సెలవుల రద్దీలో అందరితో పోటీపడి టికెట్లు కొనాల్సిన అవసరం వాళ్లకు లేదు. సెలవు దొరికితే సెప్టెంబరులో వెళ్లవచ్చు. ఈ వేసవికే వెళ్లాలంటే వియత్నాం ఉంది, ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. చేతిలో ఉన్న డబ్బును బట్టి ఊరిని ఎంచుకోవడం చిన్నతనం కాదు.

నెల కంతును పెద్ద అక్షరాల్లో అచ్చువేసే సంస్థలు, దాని పక్కనే అంతే పెద్దగా చివరి మొత్తాన్నీ, వీసా రాకపోతే తిరిగిచ్చే సొమ్మునూ వేయాలని ప్రభుత్వం నియమం పెట్టాలి. అది వచ్చేదాకా ఆ రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోనిదే ఏ జంటా సంతకం పెట్టకూడదు.