ఐదొందలు పక్క గడిలోకి జరిగాయి!

పోయిన నెల మా పొదుపు సంఘం మీటింగులో నా పరువు పోయినంత పనయింది. కారణం ఏమిటనుకుంటున్నారు? కంప్యూటరు కీబోర్డు కింది వరసలో పొడుగ్గా ఉంటుందే, ఆ స్పేస్ మీట! మీలోనూ నెల ఖర్చులో, పేరంటం జాబితానో, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కో పిల్లల కంప్యూటర్లో టైపు చేసుకునేవారు ఉండే ఉంటారు. అందుకే ఈ వారం వంటింటి సంగతులు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

మా సంఘంలో పది మందిమి. ఇంటర్ దాకా చదివానని లెక్కలు నా నెత్తిన పెట్టారు. ప్రతి నెలా మా అమ్మాయి కంప్యూటర్లో వర్డ్ తెరిచి ఒక పట్టీ తయారుచేస్తాను. దాన్ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి తలా ఒకటి ఇస్తాను. పేరు, పొదుపు, వడ్డీ, వాయిదా, బాకీ అని నిలువు వరసలు. వరసకీ వరసకీ మధ్య జాగా కోసం స్పేస్ మీట టకటకా కొట్టుకుంటూ పోయేదాన్ని. ఇంట్లో తెర మీద చూస్తే ముత్యాల్లా ఉండేది.

మాలో టిఫిన్ బండి పెట్టుకునే పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఇంటిపేరుతో కలిపితే ఆవిడ పేరు చాంతాడంత. అప్పులో ఆఖరి వాయిదా 500 రూపాయలు ఆ నెలే కట్టేసింది. బాకీ గడి ఖాళీగా ఉండాలి. తీరా పట్టీ చేతికిచ్చాక ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసి, "అదేంటమ్మాయ్, ఐదొందలు నీ చేతికే ఇచ్చాను కదా, ఇంకా బాకీ అని వేశావేంటి?" అంది. నలుగురూ నా వంక చూశారు. తీసుకుని చూద్దును కదా, వాయిదా కింద ఉండాల్సిన 500 జరిగి బాకీ కింద కూర్చుంది! నోటుబుక్కు తీసి ఆవిడ పెట్టిన సంతకం చూపించాను కాబట్టి గండం గడిచింది. కానీ ఆవిడ మొహం చిన్నబోవడం చూశాను. పొద్దున్నే నాలుగింటికి లేచి పిండి రుబ్బుకుని తీర్చిన అప్పు అది.

ఇంటికొచ్చి మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి తెలిసింది. నేను వాడిన తెలుగు అక్షరాల ఫాంటు షాపులో లేదు. వాళ్ల కంప్యూటరు వేరే ఫాంటు పెట్టేసింది. అందులో అక్షరాలు కాస్త వెడల్పు. పొట్టి పేర్లు పెద్దగా కదల్లేదు, పొడుగు పేరున్న పెద్దమ్మ వరసలో మాత్రం అంకెలన్నీ కుడివైపుకి జరిగిపోయాయి.

1998లో ఇంటర్ అయ్యాక నేను టైపు నేర్చుకున్నాను. ఆ ఇంగ్లీషు మెషిన్ మీద ఏ అక్షరమైనా ఒకే వెడల్పు, స్పేసులు లెక్కపెట్టుకుంటే సరిపోయేది. అయినా మా మాస్టారు ఊరుకునేవారు కాదు, "స్టాపులు పెట్టుకోండి" అని కసిరేవారు. ట్యాబ్ నొక్కితే క్యారేజీ జర్రున వెళ్లి, పెట్టిన చోట టక్కున ఆగేది. ఆ మీటే కంప్యూటర్లోకీ వచ్చింది. ఇన్నేళ్లూ దాని మొహం చూడలేదు నేను!

అయితే ఊరికే ట్యాబ్ కొట్టినా లాభం లేదు. మనం ఏమీ చెప్పకపోతే అది అరంగుళానికొకసారి ఆగుతుంది. పేరు పొడుగైతే ఒక స్టాపు దాటిపోయి మళ్లీ పాత కథే. ఎక్కడ ఆగాలో మనమే కొలత ఇవ్వాలి. ముగ్గుకి ముందు చుక్కలు పెట్టుకున్నట్టన్నమాట.

పైన ఉండే రూలర్ మీద మౌసుతో నొక్కి కూడా పెట్టొచ్చు కానీ, చేయి కాస్త వణికితే కొలత తప్పుతుంది. హోమ్‌లో పేరాగ్రాఫ్ అన్న మాట పక్కన బుల్లి బాణం ఉంటుంది. అది నొక్కితే వచ్చే గడిలో కింద ట్యాబ్స్ అని ఉంటుంది. అక్కడ అంకె టైపు చేసి, రకం ఎంచుకుని, సెట్ నొక్కాలి. మళ్లీ ఇంకో అంకె, మళ్లీ సెట్. అన్నీ అయ్యాక ఓకే. మీ దాంట్లో అంగుళాలు చూపిస్తుంటే అంకె తర్వాత సి, ఎం అని ఇంగ్లీషులో కొట్టండి, సెంటీమీటర్లుగానే తీసుకుంటుంది.

ఏ4 కాగితం వెడల్పు 21 సెం.మీ. రెండు పక్కలా 2.54 చొప్పున మార్జిన్ పోతే 16కి రవ్వంత తక్కువ మిగులుతుంది. నేను పేరుకి 1 సెం.మీ. దగ్గర లెఫ్ట్ ట్యాబ్ పెట్టాను. పొదుపుకి 9 దగ్గర, వాయిదాకి 13.5 దగ్గర, బాకీకి 15.5 దగ్గర రైట్ ట్యాబులు. రైట్ అంటే అంకె చివర అక్కడ ఆగుతుంది, 50 అయినా 5000 అయినా ఒకట్ల కింద ఒకట్లే వస్తాయి. వడ్డీలో పైసలుంటాయి కాబట్టి 11 దగ్గర డెసిమల్ ట్యాబ్. 12.50 కింద 8.75 వేసినా చుక్క కింద చుక్క పడుతుంది. డబ్బు లెక్కకి దీన్ని మించింది లేదు.

ఒకటి మాత్రం మరిచిపోకండి. గడి ఖాళీ అయినా ట్యాబ్ నొక్కాల్సిందే. లేకపోతే తర్వాతి అంకె వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. నేనైతే ఖాళీ చోట చిన్న గీత పెడుతున్నాను. ఇంతకుముందే టైపు చేసినదైతే వరసలన్నీ ఎంపిక చేసుకున్నాకే కొలతలివ్వండి, లేకపోతే కర్సర్ ఉన్న ఒక్క వరసకే పడతాయి. పాత స్పేసులు తీసేయడానికి పేరాగ్రాఫ్ గుర్తున్న బటన్ నొక్కితే స్పేసులు చుక్కల్లా, ట్యాబులు బాణాల్లా కనిపిస్తాయి. నా పాత పట్టీలో అలా చూస్తే ఆవాలు ఒలకబోసినట్టుంది!

"ఇంత తంటాలెందుకమ్మా, టేబుల్ గీసుకోవచ్చు కదా" అంటుంది మా అమ్మాయి. యాభై పేర్లుంటే అదే మేలు, ఒప్పుకుంటాను. పది పేర్లకి నాకు ఇదే హాయిగా ఉంది. పైగా అదే ట్యాబ్స్ గడిలో లీడర్ అని ఉంటుంది, అందులో చుక్కలు ఎంచుకుంటే కందిపప్పుకీ 1 కప్పుకీ మధ్య చుక్కల వరస దానంతటదే వస్తుంది. నా పచ్చళ్ల కొలతలన్నీ అలాగే రాసుకున్నాను. ఇక షాపుకి ఫైలుని పీడీఎఫ్ చేసి తీసుకెళుతున్నాను, ఫాంటు కూడా దాంతోపాటే వెళుతుంది.

ఈ నెల మీటింగులో పెద్దమ్మకి మొదటి కాగితం ఇచ్చాను. తన పేరు మీద వేలు పెట్టి, మెల్లగా కుడివైపుకి జరుపుకుంటూ వెళ్లి, బాకీ కింద ఉన్న గీత దగ్గర ఆపింది. కాసేపు అలాగే చూసి, కాగితం నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. "బానే ఉందమ్మాయ్. ఆ నోటుబుక్కులో కూడా రాయి" అంది. రెండింటిలోనూ రాస్తున్నాను.