గ్యాలరీ, గాలి, గేటు
2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ ప్రేక్షకుల గ్యాలరీ కుప్పకూలి వంద మంది దాకా గాయపడిన ఘటన, యువ క్రీడాకారుల టోర్నమెంటులో అసలు ముప్పు కోర్టు లోపలికన్నా దాని చుట్టూనే పొంచి ఉంటుందని రుజువు చేసింది. ఇస్నాపూర్ లాంటి ఊళ్లో పిల్లల పోటీలు పెడితే ఆ పాఠం మరింత వర్తిస్తుంది. ఎందుకంటే ఈ ఊరికి ఒకవైపు ముంబయి జాతీయ రహదారి, మరోవైపు 2025 జూన్ 30న సిగాచి పరిశ్రమ పేలుడు పదుల సంఖ్యలో కార్మికులను బలిగొన్న పాశమైలారం పారిశ్రామికవాడ ఉన్నాయి. ప్రమాదం కర్మాగారం ప్రహరీ దాటితే ఏం చేయాలో చెప్పే ప్రణాళికను, అంటే ఆఫ్‌సైట్ అత్యవసర ప్రణాళికను, జిల్లా యంత్రాంగం సిద్ధం చేయాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు నిర్దేశిస్తున్నాయి; అయితే అందులోని సమాచారం టోర్నమెంటు నిర్వాహకులకు అందకపోతే, విషవాయువు లీకైనప్పుడు పిల్లలను గాలి వీచే దిశలో పరుగెత్తించకుండా దానికి అడ్డంగా, పక్కకు తప్పించాలన్న ప్రాథమిక సూత్రం మైకు దగ్గర కూర్చున్న వ్యక్తికి తెలిసే అవకాశమే లేదు. ఆ నిమిషంలో వందలాది మంది పిల్లల అడుగులు ఎటు పడాలో నిర్ణయించేది ఆ మైకే. గ్యాలరీ బరువు మోయగలదని ఇంజినీరు పరీక్షించి సంతకం చేయనిదే, బైకులు నిలపని ఒక గేటును 108 అంబులెన్సు కోసం కేటాయించనిదే, ఏ పిల్లల పోటీలకూ అధికారులు అనుమతి ఇవ్వకూడదు.