ఫైట్ కూడా యాక్టింగే కదా!

'లైగర్' (2022)లో ఎంఎంఏ కథ ఉంది, విజయ్ దేవరకొండ సిక్స్ ప్యాక్ ఉంది, ఏకంగా మైక్ టైసనే ఉన్నాడు. అయినా హీరో ఓడిపోతాడేమో అన్న భయం నాకు ఒక్క నిమిషం కూడా కలగలేదు. ఆ భయం లేకపోతే ఫైటూ డాన్సూ ఒకటే.

అదే 'గురు' (2017) చూడండి. సుధ కొంగర తీసిన విశాఖ బాక్సింగ్ కథ. రితికా సింగ్ నిజంగానే కిక్‌బాక్సర్. ఆమె కాళ్లు కదిలే తీరు, దెబ్బ తిన్నాక పీల్చే ఊపిరి చాలు, డైలాగ్ అక్కర్లేదు.

కండలు వేరు, అలవాటు వేరు. మా నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లు పార పట్టుకుంటేనే తెలిసిపోతుంది, ఎన్నేళ్ల పనో. దాన్ని మూడు నెలల జిమ్‌తో తేలేం.

వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి మన సిక్కోలు వాళ్లే. రేపు వాళ్ల కథలు ఎవరైనా తీస్తే, స్టార్ డేట్స్ కంటే ముందు ఆట తెలిసిన మనిషిని వెతకాలి. లేదంటే ఇక్కడ రోజూ ప్రాక్టీస్ చేసే అమ్మాయి ఆ సినిమా చూసి, "ఇది మా ఆట కాదు" అనేస్తుంది. ఆమె మాటే నాకు అసలు రివ్యూ. మీరేమంటారు?