ఖాళీ గడిలో సున్నా రాసేదెవరు?

భారత వాతావరణ శాఖ లెక్కలో రోజువారీ వర్షపాతం ఉదయం 8.30 గంటలతో ముగుస్తుంది. గడచిన 24 గంటల్లో చినుకు పడకపోతే పట్టికలో సున్నా రాస్తారు. పరికరం పాడై కొలవడమే కుదరకపోతే అది సున్నా కాదు, కొలత లేదని అర్థం. ఈ తేడా మనిషికి తెలుసు. కంప్యూటర్‌కు మనం చెబితేనే తెలుస్తుంది.

ప్రోగ్రామింగ్‌లో ఈ ఖాళీని 'నల్' అంటారు. సంఖ్యను ఉంచే అరలు రెండు రకాలు. ఒకదానిలో సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. రెండోది ఖాళీగానూ ఉండొచ్చు. రెండో రకాన్ని మొదటి రకంలోకి మార్చేటప్పుడే చిక్కు వస్తుంది. ఖాళీ స్థానంలో ఏం పెట్టాలి? సీ షార్ప్, జావా భాషల్లో నేరుగా మార్చబోతే, ఖాళీ ఎదురైనచోట ప్రోగ్రాం దోషం చూపుతుంది. అయితే సీ షార్ప్‌లోనే 'గెట్ వాల్యూ ఆర్ డిఫాల్ట్' వాడితే ఏ హెచ్చరికా లేకుండా సున్నా చేతికొస్తుంది. ప్రోగ్రాం ఆగదు, పని పూర్తయినట్టే కనిపిస్తుంది.

కానీ లెక్క తప్పుతుంది. ఒక మండలంలో ఐదు వర్షమాపకాలు ఉన్నాయనుకుందాం. నాలుగింటిలో 40, 20, 30, 30 మిల్లీమీటర్లు నమోదయ్యాయి, ఐదోది పనిచేయలేదు. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో సగటు అడిగితే ఖాళీని వదిలేసి 30 అని చెబుతుంది. అదే ఖాళీని ముందుగా సున్నాగా మార్చేస్తే సగటు 24కు పడిపోతుంది. వాన తగ్గలేదు, ఐదో వంతు వర్షం కాగితం మీద మాయమైంది.

వాతావరణ డేటాలో కొలత లేనిచోట -999 వంటి అంకె పెట్టే పాత అలవాటు ఒకటుంది. అది పొరపాటున సగటులో కలిసినా వెంటనే దొరికిపోతుంది, వర్షపాతం మైనస్‌లో ఉండదు కదా! సున్నా అలా దొరకదు. నిజమైన కొలతల మధ్య నిజంలాగే కూర్చుంటుంది.

వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం ఇలాంటి కొలతల మీదే ఆధారపడుతుంది. పరికరం మొరాయించింది కుండపోత రోజునే అయితే? అక్కడ సున్నా పడితే, పొలం మునిగిన రైతుకు ఆ రోజు వానే కురవలేదని లెక్క చెబుతుంది.

నల్‌తోనే అసలు ఇబ్బంది అనేవారూ ఉన్నారు. 1965లో నల్ రిఫరెన్స్‌ను ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. అయితే ఆయన బాధ, ఖాళీ ఉందో లేదో చూసుకోకుండా వాడుకోనిచ్చే భాషల గురించి. ఖాళీని సున్నాతో కప్పేయడం దానికి మందు కాదు.

సున్నా సరైన జవాబయ్యే సందర్భాలూ లేకపోలేదు. బిల్లులో తగ్గింపు గడి ఖాళీగా ఉంటే తగ్గింపు లేదనే అర్థం. అక్కడ సున్నా నిజమే చెబుతుంది. వర్షపాతం, రక్తపోటు, శరీర ఉష్ణోగ్రత వంటి కొలతలకు ఇది వర్తించదు. వీటిలో ఖాళీని ఖాళీగానే ఉంచాలి, లేదా ప్రోగ్రాం ఆగి అడగాలి. పక్క కేంద్రాలను బట్టి అంచనా వేస్తే, అది అంచనా అని పక్కనే గుర్తు ఉండాలి.

ఖాళీకి ఏ విలువ ఇవ్వాలన్నది ప్రోగ్రామర్ ఒక్కరే తేల్చే చిన్న విషయం కాదు. ఆ కొలత అర్థం తెలిసినవారిని అడిగి, తీసుకున్న నిర్ణయాన్ని కోడ్‌లో స్పష్టంగా రాయాలి. తెలియదని ఒప్పుకోవడం విజ్ఞానశాస్త్రంలో తప్పు కాదు. తెలియనిదాన్ని సున్నాగా రాయడమే తప్పు.