ఫౌజీ తాత మన వఫాదారీకి సబూత్ కాదు



మా మెదక్‌లో ఆగస్టు 15 దగ్గరపడిందంటే బుజుర్గ్ ఫౌజీల కోసం వెతుకులాట మొదలవుతుంది. మా మొహల్లాలో 1971 జంగ్ చూసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని స్టేజీ మీదికి తీసుకురమ్మని ఈసారి నాకు ఫోన్ చేసింది మనవాళ్లే. సంతోషం. కానీ చివర్లో ఒక మాట తగిలించారు: "మెడల్స్ పెట్టుకొని రమ్మనండి భాయ్, మనమూ ఈ దేశం కోసం నిలబడ్డవాళ్లమేనని నలుగురికీ తెలవాలి."

నా ఏతరాజ్ ఆ మాట మీదే.

ఆయన సరిహద్దుకు పోయింది మీ మీదా నా మీదా ఉన్న షక్‌ను తుడిచెయ్యడానికి కాదు. నౌకరీలో చేరారు, జంగ్ వచ్చింది, డ్యూటీ చేశారు. ఆ ఇజ్జత్ ఆయన సొంత కమాయి. దాన్ని తెచ్చి కౌమ్ మొత్తానికి క్యారెక్టర్ సర్టిఫికెట్‌లా చూపిస్తే, సర్టిఫికెట్ అడిగే హక్కు ఎదుటివాడికి ఉందని మనమే ఒప్పుకున్నట్టు. పక్క వీధి రెడ్డిగారి ఫౌజీకి శాలువా కప్పేటప్పుడు వాళ్ల బిరాదరీ వఫాదారీ మీద ఎవరైనా తఖ్రీర్ చేస్తారా?

పోనీ, ఆ సర్టిఫికెట్ చెల్లుతుందా అంటే అదీ లేదు. అస్సాంలో మహమ్మద్ సనావుల్లా సాబ్ ముప్పై ఏళ్లు ఫౌజ్‌లో ఖిద్మత్ చేసి 2017లో రిటైరయ్యారు. 2019 మేలో ఫారినర్స్ ట్రిబ్యునల్ ఆయన్ని విదేశీయుడని తేల్చింది, డిటెన్షన్ క్యాంపుకు పంపారు. గౌహతి హైకోర్టు బెయిలిస్తే గానీ బయటికి రాలేదు. 1965 సెప్టెంబర్ 10న ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది తోపుతో పాటన్ ట్యాంకులను పేల్చి షహీదైన హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. ఘాజీపూర్ జిల్లా ధామూపూర్‌లో బడికి ఆయన పేరే పెట్టారు. 2025లో ఆ బడికి రంగులేసి ఆ పేరు తీసేశారు. ఇంటివాళ్లు నిలదీస్తే మళ్లీ రాశారు. పరమవీర చక్రకే ఈ హాలత్ అయితే, మన ఫ్లెక్సీ ఫొటో చూసి ఎవరి దిల్ మారుతుందండీ? (ఆ ఫ్లెక్సీలో కూడా తాత ఫొటో కంటే లీడర్ల ఫొటోలే పెద్దవి.)

సన్మానం వద్దనడం లేదు. చెయ్యండి, కానీ ఆయన కోసం చెయ్యండి. ఆయనకు ఏం కావాలో ఒక్కసారి ఇంటికి పోయి అడిగారా? నేను పోయాను. ఆయన బెంగ శాలువా గురించి కాదు, బేగం గురించి. ఆమె పేరు చివర ఫౌజ్ రికార్డులో "బీ", ఆధార్‌లో "బేగం", బ్యాంకు పాస్‌బుక్‌లో ఆ రెండూ లేవు. మన ఇళ్లలో ఇది ఆమ్ బాత్. పేరు ఉర్దూలో పెడతాం, ఒక గుమాస్తా ఇంగ్లీషులో ఒకలా, ఇంకొకాయన తెలుగులో ఇంకోలా రాస్తారు. బతికినన్నాళ్లూ ఎవరికీ పట్టదు. ఆయన కన్ను మూసిన రోజున ఫ్యామిలీ పెన్షన్ ఆ పేరు దగ్గరే ఆగుతుంది. ఆయన ఉండగానే అర్జీ పెట్టి, అఫిడవిట్ జతచేసి, రికార్డ్ ఆఫీసుకు రాస్తే సరిచేయించుకోవచ్చు. తర్వాతంటే, ఇద్దత్‌లో కూర్చోవాల్సిన ఆడమనిషి ఆఫీసు మెట్లెక్కాలి.

ఏటా నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇంకో తక్లీఫ్. అరిగిపోయిన వేళ్లు మెషీన్ మీద పడవు. ముఖం చూపించి ఇచ్చే సౌకర్యం ఫోన్లోనే ఉంది, రీల్స్ తీసే మన పిల్లలకు అది ఎంతసేపు? ఇక పెన్షన్‌కు కావలసిన 15 ఏళ్లు నిండకుండానే ఇంటికొచ్చిన జవాన్లను ఏ స్టేజీ మీదా చూడం. పెన్షన్ లేక, వేరే ఆమ్దనీ లేక 65 దాటినవాళ్లకు, హవల్దార్ హోదా వరకు, కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. 4 వేలుండేది, 2025 నవంబర్ నుంచి 8 వేలు చేశారు. అర్జీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పోవాలి. ఈ సంగతి ఏ సన్మాన సభలోనైనా ఎవరైనా చెప్పగా విన్నారా?

వచ్చే జుమా నమాజ్ తర్వాత మస్జిద్ బయట టేబుల్ వేసుకొని కూర్చుంటున్నాం. ఇంట్లో ఫౌజీ ఉన్నవాళ్లు, ఫౌజీ బేవాలు ఉన్నవాళ్లు డిశ్చార్జి బుక్, పెన్షన్ ఆర్డర్, ఆధార్, నికాహ్‌నామా తీసుకొని రండి. జిరాక్సులు మేము తీయిస్తాం.