ఉల్లి వంశం లెక్క, రైతు విత్తనం హక్కు

ఉల్లి నారు నాటేది, కలుపు తీసేది, గడ్డ పీకి ఆకు కోసేది కూలి చేతులే. తెగులు తగిలి పంట పోతే రైతుకు అప్పు మిగులుతుంది, కూలికి పనిదినాలు పోతాయి. అంచేత ఉల్లి విత్తనం లోపల ఏముందో శాస్త్రజ్ఞులు తేలుస్తున్న సంగతి మనకు పట్టనిదేమీ కాదు.

ప్రతి మొక్క కణంలోనూ దాని గుణాలను మోసే సన్నటి దారం వంటి పదార్థం ఉంటుంది. అదే డి.ఎన్.ఎ. అందులోని రాతను అక్షరాల్లో లెక్కిస్తే వరికి సుమారు 40 కోట్లు, మనిషికి 300 కోట్లకు పైగా, ఉల్లికి దాదాపు 1,600 కోట్లు! మరి మనిషికంటే ఉల్లిగడ్డ అయిదు రెట్లు గొప్పదా? కానేకాదు. ఆ రాతలో ఎక్కువ భాగం ఒకే మాటను మళ్లీ మళ్లీ రాసినట్టుంటుంది. 2021లో వెలువడిన ఉల్లి జన్యుపటంలో ఇలాంటి పునరావృత భాగం 72 శాతానికి పైగా తేలింది.

వీటిలో చాలావరకు తమ నకళ్లను తామే తయారుచేసుకుని కొత్తచోట్ల చేరే ముక్కలు. జన్యుపదార్థంలో చోటు మారే ముక్కలుంటాయని 1940లలో మొక్కజొన్న మీద పనిచేసి కనిపెట్టింది బార్బరా మెక్‌క్లింటాక్. చాలా ఏళ్లు ఆమె మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1983లో గానీ నోబెల్ బహుమతి రాలేదు.

చైనా, జపాన్‌లలో పండించే కాడల ఉల్లికీ మన ఉల్లికీ క్రోమోజోములు పదహారే. ఐనా మన ఉల్లిలో డి.ఎన్.ఎ. సుమారు పావు వంతు ఎక్కువ. ఇలాంటి తేడాకు ముఖ్య కారణం పునరావృత ముక్కలే. ఒక్కో జాతిలో అవి ఒక్కో తీరుగా పెరుగుతాయి, మారతాయి. వాటిని పోల్చి చూస్తే ఏ ఉల్లి దేనికి దగ్గర చుట్టమో తెలుస్తుంది.

దీనివల్ల పొలానికి లాభమేమిటి? పశ్చిమ హిమాలయాల అడవి ఉల్లి ఒకటుంది, పేరు అల్లియం రాయ్‌లై. ఉల్లిని పాడుచేసే ఒక బూజు తెగులును అది తట్టుకుంటుంది. ఆ గుణాన్ని సాగు ఉల్లిలోకి తేవడానికి హాలండులో సుమారు 20 ఏళ్లు పట్టింది. మంచి గుణంతోపాటు మొక్కను చంపే గుణం కూడా అంటుకుని వచ్చింది, దాన్ని విడదీయాల్సి వచ్చింది. రెండు జాతుల పునరావృత ముక్కలు వేరు కాబట్టే రంగు వేసి చూసినప్పుడు అడవి ఉల్లి ముక్క ఎక్కడ చేరిందో సూక్ష్మదర్శినిలో కనిపించింది.

ఇక్కడే మనం ఆలోచించాలి. ఆ గుణం కొండల్లో దానంతటది పుట్టింది. ఏ కంపెనీ సృష్టించిందీ కాదు. కానీ అది విత్తనం డబ్బాలోకి ఎక్కాక ధర కట్టేదెవరు? రక్షణ పొందిన రకాల విత్తనాన్ని సైతం రైతు దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చునని 2001 నాటి చట్టం చెబుతోంది. ఐతే హైబ్రిడ్ గింజ దాచుకుని వేస్తే తర్వాతి పంటలో అదే గుణం నిలవదు. హక్కు కాగితం మీదుంటుంది, రైతు మళ్లీ దుకాణం ముందుంటాడు.

కాబట్టి ప్రభుత్వ పరిశోధనా కేంద్రాలు ఈ జ్ఞానంతో తెగులు తట్టుకునే, గింజ దాచుకోగల రకాలను తయారుచేసి అందించాలి. వ్యవసాయాధికారి ఊళ్లోకి వచ్చినప్పుడు మనం సూటిగా అడగాలి: ఈ గింజ దాచుకుంటే వచ్చే ఏడు ఇదే పంట వస్తుందా?