‘ప్రభవ’ ప్రథమ ముద్రణ: ప్రాచ్యకళాశాలల కర్తవ్యం

తాళపత్రానికి దక్కిన గౌరవం అచ్చుపుస్తకానికి ఇంకా దక్కలేదు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించేటప్పుడు వ్రాతప్రతులను సేకరించి, పాఠభేదాలను పుట దిగువన చూపడం ప్రాచ్యకళాశాలలకు అలవాటైన పనియే. అచ్చైన గ్రంథం విషయంలో మాత్రం ఏ ముద్రణ దొరికినా ఒకటేనన్న భావన కనబడుతున్నది. ఇది సరికాదనడానికి శ్రీశ్రీ తొలి పద్యసంపుటి ‘ప్రభవ’ చక్కని నిదర్శనం.

1910లో విశాఖపట్నంలో జన్మించిన శ్రీరంగం శ్రీనివాసరావుగారి ఈ సంపుటిని ఆ నగరంలోని కవితా సమితి 1928లో ప్రకటించింది. రచన సంప్రదాయ ఛందోమార్గంలోనిది. 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకరూపంలో వెలువడిన తరువాత ఈ తొలికృతిని ఇరుపక్షాలవారూ ఉపేక్షించారు. నవ్యకవితాభిమానులకు అది బాల్యకృషి. సంప్రదాయజ్ఞులకు అది తమ మార్గం విడిచిపోయినవాని పుస్తకం. ఉపేక్షకు కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే. ప్రథమ ముద్రణ ప్రతి అరుదైపోయింది.

కవి తానే దాటిపోయిన రచనను ఇంతగా పట్టించుకోవలెనా అని ఆక్షేపించవచ్చు. పద్యం చేతకాక విడిచినవాడు వేరు, చేతనై విడిచినవాడు వేరు. శ్రీశ్రీ ఎవరన్నది నిర్ణయించడానికి అభిమానం చాలదు, ద్వేషం అసలే పనికిరాదు. యతిప్రాసలను, గణాలను, సంధులను మూలపాఠంలోనే పరీక్షించాలి. ఈ పరీక్షకు లక్షణగ్రంథాలు చదివినవారికంటె అర్హులెవరు?

పునర్ముద్రణ చాలదా అన్నది రెండవ ఆక్షేపం. ఒక్క ఉదాహరణ చాలు. ప్రాసస్థానంలో ర, ఱలను కలుపరాదని లాక్షణికులు నియమించారు. ఆధునిక ముద్రణల్లో శకటరేఫను సాధురేఫగా మార్చడం, అరసున్నలను తొలగించడం సామాన్యమైపోయింది. అట్లా మార్చిన పాఠంలో ఆ యువకవి ఈ భేదాన్ని పాటించాడో లేదో చూపడం సాధ్యం కాదు. ఎంత శ్రద్ధగల పునర్ముద్రణకైనా ప్రమాణం తొలి ముద్రణయే.

కాలం కూడా అనుకూలంగా లేదు. తాటాకు శిథిలమైతే లేఖకుడు మరల వ్రాసేవాడు. ఆ కాలపు చౌక కాగితం, తనలోని ఆమ్లగుణంచేత పెళుసుబారి, ముట్టుకుంటేనే విరుగుతుంది. దానిని మరల వ్రాయాలన్న ఆలోచన ఎవరికీ కలుగదు.

చేయవలసిన పని అసాధ్యమైనది కాదు. 1867నాటి ముద్రణాలయ, గ్రంథ నమోదు చట్టం ప్రకారం గ్రంథనామం, ముద్రణస్థలం, పుటల సంఖ్య, ప్రతుల సంఖ్య, వెల మొదలైనవి ప్రభుత్వ పట్టికలకెక్కేవి. మద్రాసు రాజధానికి చెందిన ఆ పట్టికలను వెదకాలి. మద్దిలపాలెం ప్రాంతం విశ్వవిద్యాలయ ప్రాంగణానికి పొరుగు. కళాశాలలూ అధ్యాపకుల నివాసాలూ ఉన్నచోటు. పాత గృహాల్లోని అల్మరాలు తూకానికి పోకముందే వాటిని పరిశీలించే కార్యం అక్కడినుండి ఆరంభించవచ్చు. దొరికిన ప్రతి యొక్క ముఖపత్రం, పుటసంఖ్య, తప్పొప్పుల పట్టిక, చేతివ్రాతలో ఉన్న దిద్దుబాట్లు నమోదు చేసి, ఛాయాప్రతిని నిలిపి, పాఠభేదాలతో పరిష్కృతప్రతిని వెలువరించాలి. శ్రీశ్రీ విగ్రహం సాగరతీరంలో ఉన్నది. ఆయన తొలి అక్షరాలకు కూడా ఆ నగరంలో ఒక చోటు ఉండాలి.

ప్రభవశబ్దానికి అమరసింహుడు జన్మహేతువనీ, ఒక వస్తువు మొదట కనబడే స్థానమనీ అర్థాలు చెప్పాడు. హిమవంతం నుండి గంగ ప్రభవిస్తున్నదంటే, అక్కడ మొదటిసారి కనబడుతున్నదని వైయాకరణుల వివరణ. కింది ప్రవాహపు వేగాన్ని మాత్రమే కొలిచి, అది మొదట కనబడిన చోటును చూడనివాడు నది చరిత్ర చెప్పలేడు.